దివిసీమ ఉప్పెన, 1977: కబురు అందింది, వెళ్ళే చోటు లేదు

తుపాను సన్నద్ధత మీద కోస్తా మండలాల్లో శిక్షణ ఇవ్వడం నా పని. సచివాలయం సిబ్బంది, ఆశా కార్యకర్తలు, మత్స్యకార సంఘాల పెద్దలు, కుర్ర వాలంటీర్లు, ఎదురుగా ఎవరు కూర్చున్నా నేను మొదట తీసే కేసు ఒక్కటే: 1977 నవంబర్ 19, దివిసీమ. ఆ పేరు వినని వాళ్ళు ఈ తీరంలో ఉండరు, కానీ విన్నది చాలావరకు రెండో సగమే. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారనీ, మదర్ థెరిసా వచ్చారనీ, అక్కడి నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు బాధితుల కోసం రాత్రింబవళ్ళు తిరిగారనీ చెప్తారు. అన్నీ నిజమే, అన్నీ నీళ్ళు వెనక్కి పోయాక జరిగినవి. నీళ్ళు రాకముందు సంగతేమిటి అని అడిగితే మాత్రం "అప్పట్లో టెక్నాలజీ ఎక్కడిదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఆ ఒక్క ముక్కతోనే నాకు పేచీ. టెక్నాలజీ తక్కువే, కాదనను. అయినా తుపాను వస్తోందన్న కబురు ఆకాశవాణిలో వచ్చింది. ఆ కబురులో ఏమి చెప్పలేదు, విన్నవాడు లేచి ఎక్కడికి వెళ్ళగలడు, ఈ రెండూ చూడకుండా దివిసీమ గురించి మాట్లాడితే అది సంతాప సభ అవుతుంది గానీ కేస్ స్టడీ అవదు.

ఆ వారం

1977 నవంబర్ బంగాళాఖాతానికి మామూలు నెల కాదు. 12న ఒక తుపాను నాగపట్నం దగ్గర తీరం దాటి తమిళనాడులో వందల మందిని పొట్టన పెట్టుకుంది. దాని గోల సద్దుమణగకముందే, 14న, ఆగ్నేయ బంగాళాఖాతంలో ఇంకో వాయుగుండం పుట్టి పడమరకు కదులుతూ బలపడసాగింది. అదే దారిన పోతే మళ్ళీ తమిళనాడుకో, కాదంటే మన దక్షిణ కోస్తా కొసకో తగలాలి, కాబట్టి అందరి చూపూ అటే. 18 నాటికి అది ఉత్తరానికి మళ్ళింది. 19 శనివారం, పొద్దు వాలే వేళకు చీరాల దగ్గర తీరం దాటింది. కేంద్రంలో పీడనం 943 హెక్టాపాస్కల్స్ దాకా పడిపోయిందని అంచనా, గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది.

దివిసీమ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న ముక్కే దివిసీమ. పైన అవనిగడ్డ, దిగువకు వస్తే ఒకవైపు నాగాయలంక, ఒకవైపు కోడూరు, ఇంకా దిగితే సొర్లగొంది, గుల్లలమోద, హంసలదీవి, పాలకాయతిప్ప. అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు నేల, బల్లపరుపు. దిగువ ఊళ్ళలో మేడ అంటే అరుదు, తాటాకు ఇళ్ళూ మట్టి గోడలే ఎక్కువ. దీపావళి వెళ్ళి వారం దాటింది, సార్వా వరి కోతకు వస్తోంది, చేలల్లో కూలీలు, తీరంలో జాలర్లు.

ఆ నేల మీదకు సముద్రం ఐదు మీటర్ల ఎత్తున వచ్చి పది కిలోమీటర్లకు పైగా లోపలికి పోయింది. ప్రభుత్వ లెక్కలో మృతులు దాదాపు పది వేల మంది. ఈ లెక్కను ఆనాడే చాలామంది ఒప్పుకోలేదు, చాలా ఎక్కువ ఉంటారన్న వాదన ఇప్పటికీ ఉంది. నా మటుకు నేను ఏ అంకె దగ్గరా పట్టుబట్టను. రేషన్ కార్డూ ఓటరు జాబితా చూసి లెక్కేసే పద్ధతిలో కోతలకు వచ్చిన కూలీ, వలస వచ్చిన జాలరి కుటుంబం ఏ ఊరి పద్దులోకీ రారు. ఒక ఇంట్లో అందరూ పోతే, వాళ్ళు పోయారని చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగలరు. ఇది దివిసీమకే కాదు, ఏ ఉప్పెన లెక్కకైనా ఉన్న చిక్కు.

తీరం దాటింది చీరాలలో, మునిగింది దివిసీమ

శిక్షణలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇది. తుపాను చీరాల దగ్గర దాటితే, అక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న దివిసీమ ఎందుకు కొట్టుకుపోయింది? నిజానికి ఈ కేసులో నేర్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే, టీవీల్లో ఇప్పటికీ తప్పుగా వెళ్తున్న విషయమూ ఇదే.

మన వైపు తుపానుల్లో గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను ముందుకు కదిలే దారికి కుడివైపున ఉన్న తీరం మీద గాలి సముద్రం నుంచి నేల మీదకు వీస్తుంది, ఎడమవైపున నేల నుంచి సముద్రం మీదకు. కుడివైపున తుపాను సొంత నడక వేగం కూడా గాలికి కలుస్తుంది. అంటే నీళ్ళను గంటల తరబడి నెట్టి తీరానికి కుదేసేది కుడి చెయ్యే. బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె దిగువ, దివిసీమ, అన్నీ ఆ రోజు కుడివైపే. దానికి తోడు నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంపు తిరిగి ఉంటుంది, నీళ్ళు లోతు తక్కువ. లోతున్న చోట గాలి నెట్టిన నీళ్ళు అడుగు నుంచి వెనక్కి జారిపోయే వీలుంటుంది, లోతు లేని చోట ఆ దారి లేక పైకి లేస్తాయి.

పీడనం పడిపోవడం వల్ల సముద్రం పొంగుతుంది అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. అబద్ధం కాదు గానీ లెక్కేసి చూడండి. ఒక హెక్టాపాస్కల్ తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలుగా 1010 ఉండే పీడనం 943కి వస్తే లేచేది అరవై డెబ్బై సెంటీమీటర్లు. మిగతా నాలుగు మీటర్ల పైచిలుకూ గాలి చేసిన పనే.

ఇంకో లెక్క ఉంది, దీన్ని చెప్పినప్పుడు జాలర్లు వెంటనే పట్టేస్తారు. ఆ ఏడాది నవంబర్ 11న అమావాస్య, 25న పున్నమి. 19 అంటే రెంటికీ నడుమ, పోటు బాగా నీరసంగా ఉండే రోజులు. ఈ తీరంలో పోటుపాట్ల తేడా ఎటూ మీటరు, మీటరున్నరే అయినా, అదే తుపాను ఓ ఆరు రోజులు ఆగి పున్నమి పోటు మీద వచ్చి ఉంటే నీళ్ళు ఇంకా పైకి లేచేవి. జరిగిందే పరమావధి అనుకుని షెల్టర్ ఎత్తు నిర్ణయించే ఇంజనీరుకు ఇది తప్పకుండా చెప్పాలి.

గాలి తిరిగిన తీరు కూడా చూడాలి. కుడివైపున ఉన్న ఊరికి మొదట ఈశాన్యం గాలి వస్తుంది, తర్వాత తూర్పు, తుపాను తీరం చేరే వేళకు ఆగ్నేయం, దక్షిణం. దివిసీమ తీరం దక్షిణానికి ఒరిగి ఉంటుంది కాబట్టి ఆ చివరి మలుపులోనే సముద్రం నేరుగా మీదకు వస్తుంది. పొద్దున్నించీ ఈదురుగాలి చూసి చూసి, ఇల్లు నిలబడింది కదా, ఇంక రాత్రికి తగ్గుతుందిలే అనుకునే సమయం కూడా సరిగ్గా అదే.

కబురులో ఏముంది

ఆ రోజుల్లో హెచ్చరిక రెండు దశల్లో ఉండేది, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఒకటి. వాతావరణ శాఖ చెప్పింది, రేడియో చదివింది. ప్రతి ఇంటికీ రేడియో లేదు, గాలి ముదిరాక తంతి తీగలూ టెలిఫోన్ తీగలూ తెగాయి, అదంతా ఒప్పుకుందాం. కానీ విన్నవాళ్ళయినా ఏం విన్నారు? బలమైన గాలులు, భారీ వర్షం, జాలర్లు సముద్రంలోకి వెళ్ళొద్దు. ఆ భాషకు కోస్తా రైతు దగ్గర ఒక తయారు జవాబు ఉంది: పశువుల్ని కట్టెయ్, కప్పు మీద తాళ్ళు బిగించు, తలుపేసుకుని లోపల కూర్చో. గాలివానకు అది సరైన జవాబే. ఉప్పెనకు అదే ప్రాణం తీస్తుంది. అంటే జనం హెచ్చరికను లెక్కచెయ్యలేదు అనే మాట నేను ఒప్పుకోను, విన్నదానికి తగ్గట్టే చేశారు.

దిగువ ఊళ్ళో ఒక పెద్దాయన, అప్పటికి పదిహేనేళ్ళ కుర్రాడట, నాతో అన్నది ఇంతే: "గాలి తగ్గుతుందని ఇంట్లోనే కూచున్నాం బాబూ. సముద్రం ఊళ్ళోకొచ్చిద్దని ఎవురనుకున్నారు?" ఆయన తాటిచెట్టు పట్టుకుని బతికారు. నేను మాట్లాడిన వాళ్ళలో బతికి బయటపడ్డవాళ్ళ కథలు చాలావరకు చెట్టు కథలే, ఎక్కగలిగిన వయసు, పట్టు నిలిచే బలం ఉన్నవాళ్ళ కథలు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి తాటిచెట్టు ఎలా ఎక్కుతుంది? పోయినవాళ్ళలో ఎవరు ఎక్కువ ఉండి ఉంటారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఎవరు అనుకోవాలి అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. 1864 నవంబర్ 1 రాత్రి బందరును, అంటే మచిలీపట్నాన్ని, ఇలాంటి ఉప్పెనే ముంచింది, 30,000 మంది దాకా పోయారు. బందరుకూ దివిసీమకూ ఎంత దూరం? కాకినాడ దగ్గర కోరంగిని 1789లో ఒకసారి, 1839లో ఒకసారి సముద్రం తుడిచిపెట్టింది. అయితే 1864కూ 1977కూ మధ్య 113 ఏళ్ళు, మూడు నాలుగు తరాలు, ఊళ్ళో నోటి మాటగా మిగిలేంత దగ్గరి కాలం కాదు. గెజిటీర్లలో ఉన్న సంగతి పల్లెలో ఎవరికీ తెలియకపోవడంలో వింత లేదు. దాన్ని చదివి చెప్పాల్సినవాళ్ళు వేరే. పైగా 1970 నవంబర్‌లో, అంటే ఏడేళ్ళ ముందే, ఇదే బంగాళాఖాతంలో భోలా తుపాను తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది, చంపింది నీళ్ళే. దాని తర్వాత బంగ్లాదేశ్ ఊరూరా తుపాను వాలంటీర్లను తయారుచేసే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ పాఠం అదే సముద్రానికి ఈ ఒడ్డున ఉన్న మనం తెచ్చుకోలేదు.

ఓడరేవు నంబర్ల గొడవ కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అది 1977తో పోలేదు. "మచిలీపట్నంలో పదో నంబర్ ప్రమాద హెచ్చరిక" అని స్క్రోలింగ్ వస్తే ఊళ్ళో టెన్షన్ మొదలవుతుంది, తొమ్మిది అంటే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ఆ నంబర్లు ఓడల కోసం పెట్టినవి. పెద్ద ప్రమాదం వరసలో ఎనిమిది అంటే తుపాను దారికి రేవు ఎడమన ఉంటుందని, తొమ్మిది అంటే కుడిన ఉంటుందని, పది అంటే తుపాను రేవు మీదుగానో మరీ దగ్గరగానో పోతుందని. పదకొండు అంటే కబురు తెగిపోయిందని. అవి పరీక్ష మార్కుల్లా పెరుగుతూ పోయేవి కావు. పైన చెప్పుకున్న కుడి చెయ్యి లెక్క గుర్తుంటే, నీళ్ళ విషయంలో తొమ్మిదో నంబర్ ఊరు పదో నంబర్ ఊరి కన్నా ఎక్కువ మునగొచ్చు. నా శిక్షణలో ఈ ఒక్క సంగతి చెప్పినప్పుడు ఎప్పుడూ గది నిశ్శబ్దం అవదు, గొడవ అవుతుంది. రెవెన్యూ వాళ్ళు కూడా వాదిస్తారు. వాదించనివ్వండి, గుర్తుంటుంది.

లేచి వెళ్దామన్నా

సరే, కబురు సరిగ్గా వచ్చింది, ఐదు మీటర్ల నీళ్ళు వస్తాయని చెప్పారు అనుకుందాం. ఆ సాయంత్రం సొర్లగొందిలోనో పాలకాయతిప్పలోనో ఉన్న మనిషి ఎక్కడికి వెళ్ళాలి?

ఈ ప్రశ్నకు జవాబు రాయమని శిక్షణకు వచ్చినవాళ్ళకు కాగితం ఇస్తాను. మొదట అందరూ "ఎత్తయిన ప్రదేశానికి" అని రాస్తారు. ఎక్కడుంది ఆ ఎత్తు? మెరకలన్నీ గజం ఎత్తువి. కరకట్ట ఉంది, ఎక్కితే కొంత మేలే, కానీ నది కరకట్ట వరద కోసం కట్టిన మట్టి కట్ట, సముద్రం మీద నుంచి దూకితే కోసుకుపోతుంది. పైగా కట్టకు లోపలివైపు చేరిన నీళ్ళు మళ్ళీ బయటికి పోవడానికి అదే అడ్డం. అవనిగడ్డ దాకా నడవాలంటే ఎదురుగాలిలో, చెట్లు కూలిన దారిలో, పిల్లల్నీ ముసలివాళ్ళనీ వెంటేసుకుని గంటల పని. గట్టి కట్టడం అంటే గుడి, బడి, చర్చి. బాపట్లలో ఇళ్ళు వదిలి చర్చిలో తలదాచుకున్న వంద మంది దాకా ఆ కట్టడం కూలి చనిపోయారు. వాళ్ళు చెయ్యాల్సింది చేశారు, ఇల్లు వదిలి గట్టిదనుకున్న చోటుకే వెళ్ళారు.

అందుకే వైఫల్యం ఎక్కడ అని అడిగితే నా జవాబు ఒకటే. ముందస్తు అంచనా ఇంకో పన్నెండు గంటలు ముందే వచ్చినా దిగువ ఊళ్ళలో ఆ పన్నెండు గంటలను వాడుకునే చోటు లేదు. హెచ్చరిక, ఆశ్రయం రెండూ ఒకే వస్తువులో రెండు ముక్కలు. ఒకటే ఉంటే అది జనాన్ని భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

తర్వాతి రోజుల గురించి ఎక్కువ రాయను. వంద ఊళ్ళ దాకా మునిగిపోవడమో కొట్టుకుపోవడమో జరిగింది, లక్షల మంది నిలువనీడ లేకుండా పోయారు. సైన్యం వచ్చింది, హెలికాప్టర్లు వచ్చాయి, సేవా సంస్థలు దేశం నలుమూలల నుంచి వచ్చాయి. శవాలూ పశువుల కళేబరాలూ తుమ్మ కంపల్లో, కాలువల్లో. బావులన్నీ ఉప్పు, పొలాలన్నీ ఉప్పు. సహాయం ఆలస్యమైందా, ఎంత ఆలస్యమైంది, ఎవరి తప్పు అన్న రాజకీయం చాలా నడిచింది, రాష్ట్రంలో కాంగ్రెస్, కేంద్రంలో జనతా కాబట్టి ఇంకా ఎక్కువ నడిచింది. సన్నద్ధత పని చేసేవాడికి అందులో దొరికేది తక్కువ.

1990 పక్కన పెట్టి చూస్తే

కేసు ఒక్కటే చూస్తే ఏది ముఖ్యమో తేలదు, పక్కన ఇంకోటి పెట్టాలి. అదృష్టమనాలో ఏమనాలో, ఈ తీరం ఆ అవకాశం కూడా ఇచ్చింది. 1990 మే 9న ఇంకో భీకర తుపాను కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో, అంటే దాదాపు దివిసీమ గుమ్మంలోనే తీరం దాటింది. గాలి 1977కు తీసిపోలేదు. మృతులు 967 మంది. పదోవంతు.

ఈ పదమూడేళ్ళలో ఏం మారింది? మచిలీపట్నానికి తుపాను రాడార్ వచ్చింది, ఆకాశంలో ఇన్సాట్ వచ్చింది. 1980ల మధ్య నుంచి హెచ్చరిక సైరన్‌తో సహా నేరుగా తీర ప్రాంతపు ఆఫీసుల్లో మోగే ఉపగ్రహ వ్యవస్థ పెట్టారు. తీరం వెంట కాళ్ళ మీద నిలబడిన కాంక్రీటు షెల్టర్లు కట్టారు, మామూలు రోజుల్లో బడిగా వాడుకునేవి చాలా ఉన్నాయి. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ఇవన్నీ అందరూ చెప్పేవే. ఎవరూ పెద్దగా చెప్పనిది ఇంకోటి ఉంది: 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంతకుముందు దివి తాలూకా అంతటికీ ఒక్క తహసీల్దారు. తర్వాత నాగాయలంకకు ఒకరు, కోడూరుకు ఒకరు, అవనిగడ్డకు ఒకరు. మండలాలు పెట్టింది తుపానుల కోసం కాదు. కానీ తుపాను రాత్రి జీపు వేసుకుని దిగువ ఊరికి గంటలో చేరగల అధికారి ఉండటం, ఊరి పెద్దలు ఆయన్ని మొహం చూసి గుర్తుపట్టడం తరలింపులో సగం పని. ఇది నా అభిప్రాయం, రాడార్ గొప్పా మండలం గొప్పా అని కొలిచి చెప్పే తూకం నా దగ్గర లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రెండు తుపానులూ ఒకే చోట దాటలేదు, దారి మారితే కుడి చెయ్యి కూడా మారుతుంది, నీళ్ళు వేరే ఊళ్ళ మీద పడతాయి. కాబట్టి తగ్గిన తొమ్మిది వంతులూ సన్నద్ధత ఖాతాలోనే రాసుకోవడం సరికాదు. అయినా పదో వంతు అంటే దారి తేడా ఒక్కదానితో వచ్చేది కాదు. ఒడిశా అనుభవం పక్కన పెట్టినా అదే కనిపిస్తుంది. 1999 అక్టోబర్ 29 సూపర్ సైక్లోన్‌లో పది వేల దాకా పోయారు, అక్కడా చంపినవాటిలో పెద్దది ఉప్పెనే. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ వచ్చేనాటికి పది లక్షల మందికి దగ్గరగా తరలించారు, మృతులు యాభై దాటలేదు. దివిసీమ తర్వాత ఆంధ్రా నేర్చుకున్నది 1999 దాకా పక్క రాష్ట్రానికి చేరకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

ఊళ్ళో ఈ కేసును వాడే పద్ధతి

ఇప్పటి బులెటిన్‌లో నీళ్ళ గురించి ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార కేంద్రం, లెక్కలు కట్టి ఇస్తుంది, మామూలు పోటు మీద ఇన్ని మీటర్ల ఉప్పెన రావచ్చు అని వస్తుంది. 1977తో పోలిస్తే ఇది భూమికీ ఆకాశానికీ ఉన్న తేడా. అయితే "మూడు మీటర్లు" అని చదివితే ఊళ్ళో ఎవరికీ ఏమీ కనపడదు. మూడు మీటర్లు ఎక్కడి నుంచి? సముద్రం ఒడ్డు నుంచా, మా అరుగు నుంచా?

దానికోసం మేం చేసేది చాలా మోటు పని. 1977 చూసినవాళ్ళు ఇంకా ఉన్న ఊళ్ళలో వాళ్ళను బడి దగ్గరికి తీసుకొస్తాం. తాపీ మేస్త్రీ వాడే లెవెల్ ట్యూబు ఒకటి తెస్తాం, పారదర్శకమైన పైపులో నీళ్ళు, అంతే. ఆ రోజు నీళ్ళు ఏ చెట్టు మొదట్లో ఎంత దాకా వచ్చాయి, ఏ గుడి గోపురం కింద ఏ చూరు మునిగింది, పాత కట్టడం మిగిలి ఉంటే దాని మీద చెయ్యి పెట్టి చూపించమంటాం. ఒకాయన ఇక్కడి దాకా అంటారు, పక్కనున్న మామ్మగారు "నీ మొహం, ఇంకా జానెడు పైకి" అంటారు. ఇద్దరివీ రాసుకుంటాం, పై గీతే తీసుకుంటాం. ఆ ఎత్తును ట్యూబుతో బడి గోడ మీదకు తెచ్చి ఎర్ర రంగుతో గీత కొడతాం. గీత కొట్టాక తెలిసేది ఒక్కోసారి ఘోరంగా ఉంటుంది. ఒక ఊళ్ళో పునరావాస కేంద్రం అని జాబితాలో ఉన్న గది కిటికీ పై అంచు ఆ గీతకు దిగువన ఉంది. డాబా మీదకు మెట్లు ఉన్నాయి, మెట్ల తలుపుకు తాళం ఉంది, తాళంచెవి ఉన్నాయన మండల కేంద్రంలో కాపురం. ఆ గీత లేకపోతే ఆ తాళం సంగతి ఎవరూ అడిగి ఉండేవారు కాదు.

గీత తర్వాత గాలి. దీన్ని పిల్లలతో చేయిస్తే సరదాగా నేర్చుకుంటారు: గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను నడుమ భాగం ఎడమ చేతి వైపు ఉంటుంది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకూ ఆగ్నేయానికీ తిరుగుతుంటే మనం కుడివైపున పడ్డాం, నీళ్ళు మన మీదకు. ఈశాన్యం నుంచి ఉత్తరానికీ వాయవ్యానికీ తిరిగితే ఎడమవైపు, సముద్రం వెనక్కి పోయినా పోవచ్చు. సెల్ టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాక కూడా ఈ లెక్క పనిచేస్తుంది. అయితే గాలి ఆగ్నేయానికి తిరిగాక తెలుసుకుని బయల్దేరమని దీని అర్థం కాదు, అప్పటికి ఆలస్యమే. షెల్టర్ కింది గదిలో ఉన్నవాళ్ళు పైకి ఎక్కే నిర్ణయానికి మాత్రం అది పనికొస్తుంది.

ఇక జనం ఎందుకు కదలరు అన్నది. అధికారులు దీన్ని మొండితనం అంటారు. కూర్చుని అడిగితే ప్రతిదానికీ లెక్క ఉంటుంది. పడవ, ఇంజిను, వలలు కలిపి ఇంటికన్నా ఖరీదు, అప్పు ఇంకా తీరలేదు. గేదెను కట్టేసి వెళ్తే చస్తుంది, విప్పేసి వెళ్తే దొరకదు. షెల్టర్‌లో మరుగుదొడ్డి వాడే స్థితిలో లేదు, ఆడపిల్లను తీసుకుని ఒక రాత్రంతా అక్కడ ఎలా ఉండమంటారు? పోయినసారి వెళ్ళాం, గాలి కూడా రాలేదు, తిరిగొచ్చేసరికి ఇంట్లో సామాను పోయింది. వీటికి జవాబుగా దివిసీమ ఫొటోలు చూపించి భయపెట్టడం నేను మానేశాను. ఇంజిన్లను ముందు రోజే ట్రాక్టర్ మీద పైకి తరలించే ఏర్పాటు, మరుగుదొడ్డికి నీళ్ళ ట్యాంకు, ఊళ్ళో కాపలాకు పోలీసు, ఈ మూడూ కుదిరిన ఊళ్ళో దండోరా వేసిన గంటలో జనం సర్దుకుంటున్నారు.

1977 గీతకు పైన ఎంత

ఈ పద్ధతిలో ఒక లొసుగుంది. గోడ మీద కొట్టిన గీత ఆనాటి నేల మీద ఆనాటి నీళ్ళది. ఈలోగా నేల మారింది. వరి చేలు పోయి చేపల చెరువులూ రొయ్యల చెరువులూ వచ్చాయి. ప్రతి చెరువుకూ గట్టు ఉంది, ఆ గట్లు నీళ్ళను కొన్నిచోట్ల ఆపుతాయి, కొన్నిచోట్ల రెండు గట్ల నడుమ సందులోంచి ఊరి మీదకు తోస్తాయి. మడ అడవులు ఉన్నచోట అల తాకిడి కొంత తగ్గుతుంది, పల్చబడిన చోట ఆ మేలు లేదు. మురుగు కాలువలు సముద్రంలో కలిసే చోట పూడిక పేరుకుంటే, ఎక్కిన నీళ్ళు దిగడానికి రోజులు పడుతుంది. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక నది తెచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయింది, డెల్టా అంచుల్లో చాలాచోట్ల సముద్రం నేలను కోసుకుంటూ వస్తోంది.

కాబట్టి గీత కొట్టాక నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) వెంటబెట్టుకుని డ్రెయిన్ వెంట నడుస్తాం, కొత్త చెరువు గట్లూ ఎత్తు పెంచిన రోడ్లూ కాగితం మీద గుర్తిస్తాం, ఆపైన గీతకు ఒక మీటరు కలుపుతాం. ఆ మీటరు పున్నమి పోటుకూ, మారిన నేలకూ కలిపి వేసుకున్న మోటు అంచనా. దాంతో ఊళ్ళో ఉన్న అన్ని డాబాలనూ మళ్ళీ చూస్తే, మిగిలేవి చాలా తక్కువ. ఊరంతా పట్టే డాబా మిగలని చోట ఇక బస్సులే దారి, అవనిగడ్డ దాటించి పైకి పంపాలి. గాలి ముదిరితే బస్సు నడవదు, చీకటి పడితే జనం ఎక్కరు, అందుకని తీరం దాటే గంట నుంచి కాకుండా గాలి మొదలయ్యే పూట నుంచి వెనక్కి లెక్కేసి, అంతకుముందు రోజు మధ్యాహ్నం భోజనాల వేళకే మొదటి బస్సు కదిలేలా రాసుకుంటాం. ముందు బాలింతలు, మంచం పట్టినవాళ్ళు.